కరెంటు కారు కొందామా.. వద్దా? ఆదోని, ఎమ్మిగనూరులో బేరం ఎక్కడ ఆగుతోందంటే..

కరెంటు స్కూటర్ కొనడానికి పెద్దగా వెనకాడని ఇంట్లోనే కరెంటు కారు అనేసరికి పది ప్రశ్నలు వస్తున్నాయి. ఛార్జింగ్ యాడ పెట్టాల? కర్నూలు పోయి రాగలదా? బ్యాటరీ పోతే ఎంతవుతుంది? ఐదేళ్ల తర్వాత అమ్మితే ఎవరు కొంటారు? కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో, ముఖ్యంగా ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల్లో కారు కొనాలనుకునే కుటుంబం ముందున్న ప్రశ్నలు ఇవే. వీటిని తెలియనితనం అని కొట్టిపారేయడం తేలిక. కానీ లెక్క వేసి చూస్తే ఈ ప్రశ్నల్లో చాలావాటికి బలమైన కారణమే ఉంది.

అసలు విషయం ఏంటంటే.. ఇక్కడ చాలా ఇళ్లలో కారు అంటే ఒకటే కారు. రోజూ పనికి వెళ్లేది అదే, పెళ్లికి వెళ్లేది అదే, అర్ధరాత్రి ఎవరికైనా బాగోలేకపోతే కర్నూలుకు పరిగెత్తేదీ అదే. రెండో కారు ఉన్న ఇంటికి కరెంటు కారు ఒక సౌకర్యం. ఒకే కారు ఉన్న ఇంటికి మాత్రం అదొక పరీక్ష. ఏడాదిలో 340 రోజులు ఆ కారు బాగా పనికొచ్చినా, మిగిలిన 25 రోజులే కొనాలా వద్దా అన్నది తేలుస్తున్నాయి.

దేశం మొత్తం మీద చూసినా పరిస్థితి ఇంచుమించు ఇలాగే ఉంది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దేశంలో 41 లక్షలకు పైగా కార్లు అమ్ముడుపోతే, అందులో ఎలక్ట్రిక్ కార్లు లక్ష దాటి కాస్త ఎక్కువ. నూటికి మూడు కూడా కాదు. అదే ఏడాది ఎలక్ట్రిక్ టూవీలర్లు 11 లక్షలకు పైగా రోడ్డెక్కాయి. 2030 నాటికి కొత్తగా అమ్ముడయ్యే ప్రైవేటు కార్లలో 30 శాతం ఎలక్ట్రిక్ ఉండాలన్నది కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్కే. అక్కడ పన్నుల్లో ఏళ్ల తరబడి భారీ మినహాయింపులు ఇచ్చారు, దారి పొడవునా ఛార్జర్లు పెట్టారు. ఆదోనిలో ఆ రెండూ ఎంతవరకు ఉన్నాయన్నదే ఇక్కడి ప్రశ్న.

రోజుకు 60 కిలోమీటర్లు.. ఇక్కడ కరెంటు కారుదే గెలుపు

ముందు కరెంటు కారుకు బాగా కలిసొచ్చే లెక్క చూద్దాం. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సుమారు 30 కిలోమీటర్లు. ఆదోనిలో ఉంటూ ఎమ్మిగనూరు వైపు ఊళ్లలో పనిచేసే టీచర్ ఒకరు ఉన్నారనుకుందాం. రానూపోనూ రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. అంటే 1,500 కిలోమీటర్లు.

చిన్న పెట్రోల్ కారు లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే నెలకు 94 లీటర్లు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో లీటరు 109 రూపాయల చొప్పున వేసుకున్నా నెలకు 10,200 రూపాయలు పెట్రోల్‌కే పోతుంది. అదే చిన్న ఎలక్ట్రిక్ కారు అయితే, ఛార్జింగ్‌లో పోయే కరెంటు కూడా కలుపుకొని యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వస్తుందనుకుంటే, నెలకు 230 యూనిట్లు చాలు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తున్నారు. యూట్యూబ్ వీడియోల్లో 'కిలోమీటర్‌కు రూపాయి' అని చెప్పే లెక్క ఏ స్లాబ్ మీద వేశారో చూడటం లేదు. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు స్లాబుల్లో ఉంటుంది. 126 నుంచి 225 యూనిట్ల వరకు యూనిట్‌కు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, 400 దాటితే 9.75. ఇంట్లో ఇప్పటికే నెలకు 200 యూనిట్లు కాలుతుంటే, కారు కోసం కలిసే 230 యూనిట్లు దాదాపు అన్నీ పై స్లాబుల్లోకే వెళ్తాయి. ఆ లెక్కన కారు వల్ల పెరిగే బిల్లు సుమారు 2,000 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు, సుంకం కలిపి 2,200 అనుకుందాం. అయినా సరే, పెట్రోల్‌తో పోలిస్తే నెలకు 8,000 రూపాయలు మిగులుతుంది. ఏడాదికి 96,000.

ఇద్దరు ముగ్గురు టీచర్లు కలిసి ఒకే కారులో వెళ్తూ ఖర్చు పంచుకుంటే ఆ లెక్క ఇంకా తేలికవుతుంది. నెల జీతం, తెలిసిన దూరం, రాత్రికి ఇంటి దగ్గర పార్కింగ్.. ఈ మూడూ ఉన్నవారే ఎలక్ట్రిక్ కారుకు అసలైన కస్టమర్లు. 16,347 పోస్టుల మెగా డీఎస్సీలో కర్నూలు జిల్లాకు పెద్ద సంఖ్యలో కొత్త టీచర్లు వచ్చారు. రోజూ ఇలా దూరం తిరిగే ఉద్యోగుల సంఖ్య ఈ ప్రాంతంలో పెరిగేదే కానీ తగ్గేది కాదు.

ఇప్పుడు ఇదే లెక్కను తిరగేసి చూద్దాం. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ వ్యాపారి ఉన్నారనుకుందాం. ఇల్లు, దుకాణం, యార్డు అన్నీ మూడు కిలోమీటర్ల లోపే. నెలకు కారు తిరిగేది మహా అయితే 500 కిలోమీటర్లు. పెట్రోల్ ఖర్చు 3,400. కరెంటు అయితే 700. మిగిలేది నెలకు 2,700, ఏడాదికి 32,000 పైచిలుకు మాత్రమే.

టాటా టియాగో పెట్రోల్ కారు ఎక్స్‌షోరూం ధర 2025 చివర్లో నాలుగున్నర లక్షల పైచిలుకు దగ్గర మొదలైంది. అదే కారు ఎలక్ట్రిక్ వెర్షన్ అప్పుడు 7.99 లక్షల దగ్గర మొదలైంది. తేడా మూడు లక్షలకు పైనే. టీచర్‌కు ఆ తేడా మూడున్నర ఏళ్లలో తిరిగొస్తుంది. వ్యాపారికి పదేళ్లు పడుతుంది. చాలా కంపెనీలు బ్యాటరీకి ఇచ్చే వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. అంటే వ్యాపారికి డబ్బు తిరిగొచ్చేలోపే వారంటీ అయిపోతుంది.

విచిత్రం ఏంటంటే.. కరెంటు కారు కొనేంత డబ్బు చేతిలో ఉన్న వ్యాపారికి దాని అవసరం తక్కువ. అవసరం ఎక్కువున్న ఉద్యోగికి ముందుగా పెట్టాల్సిన డబ్బే భారం.

జీఎస్టీ తగ్గింపు ఎవరికి కలిసొచ్చింది?

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న చిన్న పెట్రోల్ కార్ల పన్ను 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్ కార్లపై మాత్రం 2019 ఆగస్టు నుంచి ఉన్న 5 శాతమే కొనసాగింది. వాళ్లకు తగ్గించడానికి ఇంకేమీ లేదు కదా! ఫలితంగా పెట్రోల్ కారుకు, కరెంటు కారుకు మధ్య పన్ను తేడా 24 పాయింట్ల నుంచి 13 పాయింట్లకు పడిపోయింది.

దసరాకు ముందు మారుతి ఎస్-ప్రెసో 3.50 లక్షల లోపు, ఆల్టో కె10 3.70 లక్షల లోపు మొదలయ్యాయి. మొదటిసారి కారు కొనే ఇంటికి ఈ ధరలు చూశాక ఎనిమిది లక్షల ఎలక్ట్రిక్ కారు ఇంకా దూరంగా కనిపించడం సహజం. చిన్న కార్లపై పన్ను తగ్గించడం మధ్యతరగతికి మంచి నిర్ణయమే. కానీ అదే నిర్ణయం కరెంటు కారుకున్న ఆకర్షణను ఇలాంటి చిన్న పట్టణాల్లోనే ఎక్కువగా తగ్గించింది. ఈ కోణం మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

పోనీ సబ్సిడీ ఏమైనా ఉందా అంటే.. సొంతానికి కొనే కారుకు కేంద్రం నుంచి నేరుగా వచ్చే సబ్సిడీ లేదు. 2019లో మొదలై 2024 మార్చితో ముగిసిన ఫేమ్-2 పథకంలోనూ కార్లకు ఇచ్చిన సాయం ట్యాక్సీలకే. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న 10,900 కోట్ల పీఎం ఈ-డ్రైవ్‌లో టూవీలర్లు, ఆటోలు, బస్సులు, ట్రక్కులు, అంబులెన్సులు ఉన్నాయి కానీ ప్రైవేటు కారు లేదు. కారు లోన్ వడ్డీపై ఏడాదికి 1.5 లక్షల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చిన 80ఈఈబీ సెక్షన్ కూడా 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. 'గవర్నమెంట్ సబ్సిడీ వస్తుందట కదా' అనుకుంటూ షోరూంకు వెళ్లేవారు ఈ తేదీలు ఒకసారి చూసుకుంటే మంచిది. పక్కనున్న తెలంగాణలో మాత్రం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. 2024 నవంబర్‌లో మొదలైన ఆ వెసులుబాటు 2026 డిసెంబర్ 31 వరకు ఉంది.

'కర్నూలు పోయి రాగలదా?'

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఆదోని నుంచి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్లు. రానూపోనూ 200. టియాగో ఈవీలో 24 యూనిట్ల పెద్ద బ్యాటరీ ఉన్న మోడల్‌కు విడుదలైనప్పుడు కంపెనీ చెప్పిన రేంజ్ 315 కిలోమీటర్లు. అది ల్యాబ్ పరీక్షలో వచ్చే లెక్క. ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, రోడ్డు మీద మామూలుగా వెళ్తే 180 నుంచి 200 అనుకోవడం మంచిది. ఇంకా చిన్న బ్యాటరీ అయితే మరీ తక్కువ.

అంటే ఆదోని వాళ్లకు కర్నూలు సరిగ్గా ఇబ్బంది పెట్టే దూరంలో ఉంది! వెళ్లడానికి ఢోకా లేదు. తిరిగి రావాలంటే మాత్రం కర్నూలులో ఎక్కడో ఓ చోట ఛార్జింగ్ పెట్టుకోవాల్సిందే. ఎమ్మిగనూరు వాళ్లకు ఈ బాధ తక్కువ. అక్కడి నుంచి కర్నూలు 70 కిలోమీటర్ల లోపే కాబట్టి ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లి రావచ్చు. రెండు పట్టణాల మధ్య దూరం 30 కిలోమీటర్లే అయినా, అదే చిన్న ఎలక్ట్రిక్ కారు ఒక ఊరికి సరిపోయి ఇంకో ఊరికి సరిపోకుండా పోతోంది.

కోర్టు పనో, కలెక్టరేట్ పనో అయితే కారు ఛార్జింగ్‌లో పెట్టి పని చూసుకుని రావచ్చు. అసలు భయం అది కాదు. కర్నూలు ప్రభుత్వ ఆస్పత్రి ఈ ప్రాంతం మొత్తానికీ పెద్ద దిక్కు. రాత్రి పదకొండు గంటలకు ఇంట్లో పెద్దాయనకు గుండెలో నొప్పి వచ్చింది. ఆ రోజు కారు ఎమ్మిగనూరు వెళ్లొచ్చి ఇంకా ఛార్జింగ్‌కు పెట్టలేదు. మీటర్‌లో 40 శాతమే ఉంది. అప్పుడేంటి? పెట్రోల్ కారు అయితే దారిలో ఏదో ఒక బంకులో ఐదు నిమిషాల పని. 108 ఉంది, అద్దె కార్లున్నాయి, అవన్నీ నిజమే. కానీ సొంత కారు కొనేదే ఇలాంటి రాత్రి కోసం అనుకునే కుటుంబానికి ఈ ఒక్క ప్రశ్న చాలు, బేరం ఆగిపోవడానికి.

కేంద్ర విద్యుత్ శాఖ 2019లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం హైవేలపై ప్రతి 25 కిలోమీటర్లకు రోడ్డుకు రెండువైపులా ఛార్జింగ్ స్టేషన్ ఉండాల్సింది. పట్టణాల్లో మూడు కిలోమీటర్ల చదరానికి ఒకటి ఉండాలని అప్పట్లో చెప్పారు. ఆయిల్ కంపెనీల బంకుల్లో 7,432 ఫాస్ట్ ఛార్జర్లు పెట్టడానికి 2023 మార్చిలో 800 కోట్లు మంజూరు చేశారు. కాగితం మీద చూస్తే ఆదోని-కర్నూలు దూరానికి కనీసం మూడు నాలుగు చోట్ల ఛార్జర్ ఉండాలి. ఆ దారిలో ఎక్కడెక్కడ ఫాస్ట్ ఛార్జర్ ఉంది, అది రాత్రిపూట పనిచేస్తుందా లేదా అన్నది రోజూ తిరిగేవారిని అడిగితే చెబుతారు. హైదరాబాద్-బెంగళూరు 44వ నంబర్ హైవే పక్కనున్న ఊరికి, దానికి దూరంగా ఉన్న ఆదోనికి తేడా అక్కడే వస్తోంది. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. రెండు నగరాలూ ఆదోని నుంచి 300 కిలోమీటర్ల పైమాటే. పెద్ద హైవే ఎక్కాక ఛార్జింగ్‌కు ఇబ్బంది లేదు. అక్కడి వరకు వెళ్లే, అక్కడి నుంచి ఇంటికి వచ్చే దారే సమస్య.

సరిహద్దు పెట్రోల్ మాయ

ఆదోనికి మాత్రమే ప్రత్యేకమైన ఇంకో లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్‌పై 31 శాతం వ్యాట్, దానిపై లీటరుకు 4 రూపాయలు, రోడ్ సెస్ మరో రూపాయి. అందుకే సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళ్తే లీటరు దగ్గర ఐదారు రూపాయలు తక్కువ. బళ్లారికో సిరుగుప్పకో పనిమీద వెళ్లినవాళ్లు అక్కడే ట్యాంకు నింపుకుని రావడం ఈ ప్రాంతంలో కొత్తేం కాదు. ఖర్చు చూసి కరెంటు కారు వైపు మళ్లాల్సిన మనిషికి పక్క రాష్ట్రం పెట్రోల్ బంకు ఓ చిన్న ఊరట ఇస్తోంది. తమాషా ఏంటంటే, దేశంలో ఎక్కువ పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లు ఉన్న రాష్ట్రం కూడా అదే కర్ణాటక.

హైబ్రిడ్ అయితే సరిపోతుంది కదా.. కానీ ధర?

ఒకే కారు, పొడుగు ప్రయాణాలు, ఛార్జర్లు తక్కువ. ఈ మూడూ ఉన్నచోట సరిగ్గా సరిపోయేది హైబ్రిడ్. ఇందులో పెట్రోల్ ఇంజన్‌తో పాటు చిన్న బ్యాటరీ, మోటారు ఉంటాయి. బ్రేక్ వేసినప్పుడు వృథాగా పోయే శక్తితో, ఇంజన్‌తో బ్యాటరీ దానంతటదే ఛార్జ్ అవుతుంది. ప్లగ్ పెట్టాల్సిన పనే లేదు. మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు దాదాపు 28 కిలోమీటర్లు. టయోటా ఇన్నోవా హైక్రాస్‌కు 23 పైచిలుకు. రోడ్డు మీద 22 వచ్చిందనుకున్నా, మనం ముందు చెప్పుకున్న టీచర్‌కు నెల పెట్రోల్ ఖర్చు 10,200 నుంచి 7,400కు తగ్గుతుంది. కర్నూలు భయం లేదు, రాత్రి భయం అసలే లేదు.

అయితే ఓ జాగ్రత్త. 'స్మార్ట్ హైబ్రిడ్' లాంటి పేరు చూసి చాలామంది అదే ఇది అనుకుంటున్నారు. అది మైల్డ్ హైబ్రిడ్. దాని మోటారు ఇంజన్‌కు కాస్త ఊతం ఇస్తుంది అంతే, కారును తనంతట తాను నడపలేదు. మైలేజీలోనూ పెద్ద తేడా రాదు. షోరూంలో అడగాల్సింది 'స్ట్రాంగ్ హైబ్రిడ్ ఆ, మైల్డ్ ఆ?' అని.

మరి స్ట్రాంగ్ హైబ్రిడ్ ఎందుకు కొనడం లేదు? ధర. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ 2022లో వచ్చినప్పుడే 17.99 లక్షల దగ్గర మొదలైంది. హైక్రాస్ హైబ్రిడ్ అయితే దాన్ని ఎప్పుడో దాటేసింది. దీనికి పన్ను కూడా ఓ కారణమే. ఎలక్ట్రిక్ కారుకు 5 శాతం, చిన్న పెట్రోల్ కారుకు 18 శాతం, నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కు 40 శాతం! చిన్న హైబ్రిడ్‌కు 18 శాతమే అని కొత్త నిబంధనల్లో ఉంది. కానీ నాలుగు మీటర్ల లోపు స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు మన మార్కెట్‌లో దొరకడం లేదు. లేని కారుకు తక్కువ పన్ను, ఉన్న కారుకు ఎక్కువ పన్ను.

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ ట్యాక్స్ ఎత్తేసింది. హైబ్రిడ్‌కు రాయితీ ఇస్తే ఎలక్ట్రిక్ దెబ్బతింటుందని కొన్ని కంపెనీలు అప్పట్లో గట్టిగానే వ్యతిరేకించాయి. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఆ వాదనకు అర్థం ఉండొచ్చు. ఫాస్ట్ ఛార్జర్ కోసం వెతుక్కోవాల్సిన ఆదోని లాంటి చోట హైబ్రిడ్‌కు, ఎలక్ట్రిక్‌కు పోటీ ఏముంది? హైబ్రిడ్ అందుబాటులో లేకపోతే ఇక్కడి మనిషి ఎలక్ట్రిక్ కొనడం లేదు. మళ్లీ పెట్రోల్ కారే కొంటున్నాడు.

బ్యాటరీ అద్దెకు.. కొత్త దారి

మొదట పెట్టే డబ్బు తగ్గించడానికి కంపెనీలు ఇంకో పద్ధతి తెచ్చాయి. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన ఎంజీ విండ్సర్‌ను బ్యాటరీ లేకుండా 9.99 లక్షలకు ప్రకటించారు. బ్యాటరీకి కిలోమీటర్‌కు 3.50 రూపాయల చొప్పున అద్దె. అదే కారు బ్యాటరీతో కలిపి కొంటే అప్పటి ధర 13.50 లక్షలు. వినడానికి బాగుంది. కానీ నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే అద్దె 5,250, దానిపై కరెంటు రెండు వేల పైనే. కలిపితే నెలకు ఏడున్నర వేల దగ్గరికి వచ్చేస్తుంది. హైబ్రిడ్‌కు అయ్యే పెట్రోల్ ఖర్చు కూడా ఇంతే! చేతిలో డబ్బు తక్కువున్నవారికి ఇది దారే, కాదనలేం. మిగులు మాత్రం ముందు లెక్కలో చెప్పినంత ఉండదు.

మంటల భయం.. ఎండ భయం

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాద్-బెంగళూరు ప్రైవేటు బస్సు బైక్‌ను ఢీకొని కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు సజీవదహనమయ్యారు. జిల్లా ఇంకా మరిచిపోని ఘటన అది. బస్సులో పార్సిల్‌గా వెళ్తున్న మొబైల్ ఫోన్ల బ్యాటరీలు పేలడం వల్ల మంటలు పెరిగాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. అది డీజిల్ బస్సే తప్ప ఎలక్ట్రిక్ బస్సు కాదు. అయినా లిథియం బ్యాటరీ అనే మాట ఆ రోజుల్లో ప్రతి ఫోన్‌లోనూ తిరిగింది. 2022 వేసవిలో ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడిన వీడియోలు ఎటూ జనం మనసులో ఉన్నాయి.

కార్ల బ్యాటరీకి, అప్పటి చౌక స్కూటర్ల బ్యాటరీకి చాలా తేడా ఉంది. కార్లలో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది. ఇక్కడ అమ్ముడవుతున్న చాలా మోడళ్లలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలు వాడుతున్నారు. వేడిని తట్టుకోవడంలో అవి మెరుగైనవి. తిరుమల ఘాట్ రోడ్డులో 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు భక్తులను కొండకు తీసుకెళ్తున్నాయి. ఆదోని నుంచి తిరుపతి వెళ్లినవారిలో చాలామంది వాటిలో ఎక్కే ఉంటారు.

అయినా కర్నూలు జిల్లా ఎండ మామూలుగా ఉండదు. మే నెలలో 43, 44 డిగ్రీలు ఇక్కడ వార్తే కాదు. అలాంటి ఎండలో ఏసీ ఆపకుండా వెళ్తే రేంజ్ తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారును వెంటనే ఫాస్ట్ ఛార్జింగ్‌లో పెడితే బ్యాటరీ తనను తాను కాపాడుకోవడానికి ఛార్జింగ్ వేగాన్ని తగ్గించుకుంటుంది. ఇది లోపం కాదు, దాని పద్ధతే అంత. కానీ ఈ మాట కొనేముందే చెప్పాలి.

సందులో ఇల్లు.. వైరు ఎట్ల లాగాల?

ఫాస్ట్ ఛార్జర్ల గురించి ఎంత మాట్లాడుకున్నా, ఎలక్ట్రిక్ కారు రోజూ ఛార్జ్ అవ్వాల్సింది ఇంట్లోనే. మామూలు 15 యాంప్స్ ప్లగ్ చాలు, 24 యూనిట్ల బ్యాటరీ నిండటానికి ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. రాత్రి పెడితే తెల్లారేసరికి రెడీ. కాకపోతే ఆ ప్లగ్ దగ్గరికి కారు రావాలి కదా. ఆదోని పాత పట్టణం సందుల్లో కారు ఇంటి ముందుకే రాదు, ఎక్కడో రోడ్డు పక్కన ఆపి నడిచి రావాలి. ఎమ్మిగనూరులో ఇంటి ముందు వరండాలోనే మగ్గం ఉన్న వీధుల్లో పార్కింగ్ అనే మాటే లేదు. అద్దె ఇంట్లో ఉండే ఉద్యోగి అయితే ఓనర్‌ను అడగాలి, విడిగా మీటర్ పెట్టించుకోవాలి, లోడ్ పెంచుకోవాలి.

అదే ఊరి బయట కొత్త కాలనీల్లో కాంపౌండ్ ఉన్న సొంతిల్లు అయితే లెక్కే వేరు. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్ ప్యానళ్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. అవి నెలకు దాదాపు 350 యూనిట్లు ఇస్తాయి. టీచర్ కారుకు కావాల్సిన 230 యూనిట్లు పోను ఇంటికీ మిగులుతుంది. 9.75 స్లాబ్ గొడవే ఉండదు. ఈ ప్రాంతంలో ఎండకు కొదవ లేదు. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే మరి. కరెంటు కారును విడిగా కాకుండా సోలార్‌తో కలిపి లెక్క వేసుకునే ఇళ్లలో ఇష్టం ఎక్కువగా ఉండటానికి ఇదే కారణం.

పంట డబ్బు.. ఈఎంఐ భయం

కారు అమ్మకాలు ఇక్కడ క్యాలెండర్ చూసి కాదు, యార్డు ధర చూసి నడుస్తాయి. పత్తి పొడుగు పింజ రకానికి 2025-26 మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు. అదే సీజన్‌లో కేంద్రం విదేశీ పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని డిసెంబర్ 31 వరకు ఎత్తేసింది. ఉల్లి ధర పడిపోయి ప్రభుత్వం క్వింటాల్ 1,200 చొప్పున కొనాల్సి వచ్చింది, తర్వాత హెక్టారుకు 50,000 సాయం ప్రకటించింది. ఇలాంటి ఏడాదిలో రైతు కానీ, రైతు మీద ఆధారపడిన వ్యాపారి కానీ కొత్త రకం వస్తువు మీద ప్రయోగం చేయరు. తెలిసిన కారు, తెలిసిన మెకానిక్, అవసరమైతే రెండో రోజే అమ్ముకోగల కారు.. అదే వెతుకుతారు. ఇక్కడ కారు అంటే బంగారం లాగే, కష్టం వస్తే తీసి అమ్ముకునే ఆస్తి కూడా. పాత పెట్రోల్ స్విఫ్ట్‌కు ధర చెప్పడానికి వీధికొకరు ఉంటారు. ఐదేళ్ల పాత ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో ఎంత ప్రాణం మిగిలిందో చూసి ధర కట్టేవాళ్లు ఈ పట్టణాల్లో ఇంకా తయారు కావాలి. పేరున్న ల్యాబ్ రిపోర్టు లాంటిది బ్యాంకులే అడగడం మొదలుపెడితే ఆ భయం కొంత తగ్గొచ్చు.

ముందు ఎవరు కొంటారు?

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే ఆదోని, ఎమ్మిగనూరులో కరెంటు కారుకు సిద్ధంగా ఉన్నది రెండు రకాల ఇళ్లు. ఒకటి, ఇప్పటికే ఒక పెట్రోల్ లేదా డీజిల్ కారు ఉండి రెండోది చూసేవారు. రెండు, కాంపౌండ్ ఉన్న సొంతిల్లు, రోజూ యాభై అరవై కిలోమీటర్ల తిరుగుడు ఉన్న ఉద్యోగులు. ఆదోని కంటే ఎమ్మిగనూరుకే ఇది త్వరగా నప్పుతుంది, దూరం కారణంగా. మిగిలినవారి ఇష్టం మారాలంటే ప్రకటనలు సరిపోవు, 167వ నంబర్ హైవే మీద ఛార్జర్లు కనబడాలి.

ఆ హైవే ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం వెళ్తుంది. రాఘవేంద్రస్వామి దర్శనానికి బెంగళూరు, హైదరాబాద్ నుంచి వారం వారం వచ్చే కార్లలో ఎలక్ట్రిక్ కార్లు కూడా ఉంటున్నాయి. ఛార్జర్ పెట్టే కంపెనీకి ఆదోనిలో ఉన్న పదో పాతికో కార్లు చూసి గిట్టుబాటు కాకపోవచ్చు. ఆ భక్తుల కార్లు కలిస్తే లెక్క మారుతుంది. మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరు 20 కిలోమీటర్ల పైచిలుకు, ఆదోని 50 దగ్గర. గురువారం సాయంత్రం దర్శనం చేసుకుని ఆలూరు, బళ్లారి మీదుగా బెంగళూరు తిరిగి వెళ్లే కారు ఆదోని బైపాస్‌లో ఓ అరగంట ఆగి టీ తాగడానికి చోటు దొరికిన రోజు, అక్కడే ఆదోని టీచర్ కారుకూ రాత్రి పదకొండు గంటలకు ఓ ప్లగ్ దొరుకుతుంది.